సంతలో కొన్న గంట

అనిల మేడం ఆ గంటను కామారెడ్డి సంతలో కొన్నది. ఇత్తడిది, అరచేతిలో పట్టేంత. పైన చిన్న కొక్కెం, లోపల ఇనుప నాలుక. దానికి ఎర్ర దారం గుచ్చి, శిబిరం మొదలైన పొద్దున బల్ల మీద పెట్టింది.

"నేను తెలుగులో మాట్లాడేది ఇదే ఆఖరు. ఇక ఈ ఇంట్లో ఫ్రెంచి తప్ప వేరే మాట వినపడకూడదు. ఎవరి నోట వేరే భాష వస్తే వాళ్ల మెడలో ఈ గంట పడుతుంది. వాళ్లు ఇంకొకరి తప్పు పట్టుకుంటే తీసి వాళ్ల మెడలో వెయ్యొచ్చు. సాయంత్రం లైట్లు వేసేటప్పటికి ఎవరి మెడలో ఉంటే వాళ్లకు ఒక మార్కు పోతుంది."

పిల్లలంతా నవ్వారు. జమున నవ్వలేదు. ఆ గంట ఎక్కడ ఉండాల్సిందో ఆమెకు తెలుసు. మందలోంచి పక్కకు పోయే ఆవు మెడలో కడతారు దాన్ని, చీకట్లో కూడా ఎటు పోయిందో తెలియడానికి.

సిరిసిల్ల రోడ్డు మీద కిరాయికి తీసుకున్న ఆ మేడలో డిగ్రీ కాలేజీ పిల్లలు పది మంది ఉన్నారు. కింద గదిలో మగపిల్లలు, పైన ఆడపిల్లలు. ఆఖరి రోజు హైదరాబాదు నుంచి ఒక సారు వచ్చి పరీక్ష పెడతాడు. అందులో నెగ్గిన ఇద్దరు ఫ్రాన్సుకు పోయి ఒక ఏడాది అక్కడి కాలేజీలో చదువుకుంటారు. వెళ్లినవాళ్లకు అక్కడ అన్నం అడగడానికి, దారి అడగడానికి, జ్వరం వస్తే డాక్టరుకు చెప్పుకోవడానికి నోరు తిరగాలని ఈ శిబిరం.

మొదటి రోజే సిద్దార్థ కాలికి గడప తగిలి "అమ్మా" అన్నాడు. అందరూ ఎగబడి గంట వాడి మెడలో వేశారు. నొప్పికి అన్న మాటకు భాష ఉంటదా అని వాడు చేతులతో వాదించాడు. మేడం నవ్వి తల అడ్డంగా ఊపింది. రెండో రోజు సింధూజ నిద్రలో ఎవరినో తిట్టింది. పక్క మంచం మీది సాయిలత లేచి, చప్పుడు కాకుండా, పడుకున్న పిల్ల మెడలోనే గంట వేసి వచ్చింది. తెల్లారి సింధూజ అటూ ఇటూ తిరిగితే గదంతా ఆవుల కొట్టం లెక్క మోగింది.

వంట చేసే గంగమణికి కూడా ఆ నియమం ఉండేది. ఆమెది రాజంపేట. ఫ్రెంచి ఎట్లాగూ రాదు కాబట్టి నోరు మూసుకోమన్నారు. గరిటె చూపిస్తే చారు, అరచేయి చూపిస్తే రొట్టె. రెండు పూటలు ఓపిక పట్టి, మూడో పూటకు మేడం ముందు నిలబడి, "నా మెడల సుత కట్టు మేడం ఆ గంట. మాట్లాడకుంట వండితే కూరల ఉప్పేసిన్నో లేదో నాకే తెలుస్తలేదు" అన్నది. మేడం కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. అప్పటి నుంచి గంగమణికి వంటింట్లో మాత్రం తెలుగు మాఫీ అయింది. కానీ పిల్లలు వంటింట్లోకి పోకూడదు.

జమున మెడలో గంట ఒక్కసారి కూడా పడలేదు.

మిగతావాళ్లకు ఇది కొత్త. జమునకు కొత్త కాదు. తండాలో మాట్లాడే లంబాడీ మాటను ఎల్లారెడ్డి బడి గేటు బయట వదిలిపెట్టి లోపలికి పోవడం ఆమె చిన్నప్పుడే నేర్చుకున్నది. "యాడీ" అన్న మాట నోటిదాకా వచ్చినప్పుడు మింగి "అమ్మ" అనడం, నవ్వుతారేమోనని ముందు మనసులో వాక్యం కట్టుకొని తర్వాత నోరు తెరవడం, ఇవన్నీ అలవాటే. అప్పుడు ఒక మాటను మింగితే సరిపోయేది. ఇప్పుడు రెండింటిని మింగాలి. అంతే తేడా. ఆమె తక్కువ మాట్లాడేది, మాట్లాడిన కాడికి తప్పు లేకుండా మాట్లాడేది. మేడం ఆమెను చూసి తృప్తిగా తల ఊపేది.

జమున తల్లి తారి వచ్చిన రోజు మధ్యాహ్నం గంట సింధూజ మెడలో ఉంది.

పిల్లలు తిని చేతులు కడుక్కుంటున్నారు. గంగమణి వంటింటి గుమ్మంలోంచి జమునను చూసి చేయి ఊపింది. తర్వాత రెండు చేతులు ఒళ్లో బిడ్డను పట్టుకున్నట్టు ఊపి, గేటు వైపు చూపించింది. జమునకు అర్థమై చేతులు తుడుచుకోకుండానే పరుగెత్తింది.

గేటు బయట ఎండలో తారి నిలబడి ఉంది. కొంగు నెత్తి మీదికి లాక్కున్నది. చంకలో గుడ్డ మూట. తెరిచి వేలాడుతున్న తాళం పట్టుకొని గేటు కదిపి చూస్తోంది, తీయాలో వద్దో తెలియక. బిడ్డను చూడగానే ఆమె ముఖం విచ్చుకున్నది. ఆ వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు ముడుచుకున్నది.

"జమునా," అన్నది తారి తమ మాటలో, "దాదీకి..."

వెనక గంట మోగింది.

జమున వెనక్కి చూసింది. నాలుగడుగుల దూరంలో, బట్టలు ఆరేసే తీగ పక్కన, సింధూజ నిలబడి ఉంది. ఆమె దొంగచాటుగా ఏమీ లేదు. ఆటలో ఎట్లా నిలబడతారో అట్లాగే నవ్వుతూ, ఒంటికాలి మీద బరువు వేసి, చెవి ఒగ్గి నిలబడింది. సాయంత్రం లోపల గంట ఎవరికైనా ఇచ్చెయ్యాలి. లేకపోతే ఆమె మార్కు పోతుంది. అంతకు ముందు తన నాన్న వచ్చినప్పుడు సింధూజ ఆయనతో గలగలా ఫ్రెంచిలోనే మాట్లాడింది. ఆయన మురిసిపోయి ఫోనులో వీడియో తీసుకొని, "మా పోరి దొరసాని అయింది" అని అందరికీ చూపించుకుంటూ పోయాడు. వచ్చినవాళ్లతో కూడా ఫ్రెంచే, అదీ ఒక సాధనే అని మేడం చెప్పింది.

జమున పెదవుల మీద వేలు పెట్టుకున్నది. తల్లి ఆగిపోయింది.

"బోఁజూర్ మమాఁ," అన్నది జమున. నమస్తే అమ్మా. "జ వే బియాఁ. మెర్సి." నేను బాగున్నా, థాంక్స్. పాఠంలో ఎవరినైనా కలిసినప్పుడు ఎట్లా పలకాలో అట్లా, ముక్కుతో పలకాల్సింది ముక్కుతో, గొంతుతో పలకాల్సింది గొంతుతో.

తారి బిడ్డ నోటిని చూసింది. ఆ మాటలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూస్తున్నట్టు. తర్వాత బిడ్డ భుజం మీదుగా సింధూజ మెడ వైపు చూసింది. గంటను చూసింది. చాలాసేపు చూసింది. జమున ఏదో వివరించాలని చేతులు ఊపింది. ఆట, మార్కు, పరీక్ష. వీటిలో ఏదీ చేతులకు అందే మాట కాదు.

తారి గేటు సందులోంచి మూట అందించింది. వెచ్చగా ఉంది. జొన్న రొట్టెలు, తండాలో బాటీలంటారు, వాటి మధ్యలో ఉల్లికారం వాసన. బిడ్డ చేతి మీద చేయి వేసి, ఒకసారి నొక్కి, తీసేసింది. నోరు విప్పలేదు. తినమని కూడా చేతితోనే చూపించింది.

"ఓ రెవువార్, మమాఁ," అన్నది జమున. పోయి రమ్మని.

తారి రోడ్డు మలుపు దాకా పోయి తిరిగి చూసింది. జమున చేయి ఊపింది. తల్లి ఊపలేదు. సింధూజ దగ్గరికి వచ్చి, ఓడిపోయినట్టు చేతులు రెండూ ఎత్తి, జమున వీపు తట్టింది. ఆ తట్టుకు జమునకు సంతోషం కలిగింది. ఆ సంతోషాన్ని ఆమె తర్వాత ఎప్పటికీ మర్చిపోలేదు.

తారి వచ్చి పోయిన మూడో రోజు. క్లాసు మధ్యలో ఉంది. రైల్వేస్టేషన్‌లో టికెట్ అడగడం నేర్చుకుంటున్నారు. సాయిలత టికెట్లు అమ్మే మనిషి. సిద్దార్థ ఊరు తెలియని ముసలాయన. అందరూ నవ్వుతున్నారు. క్లాసు అయ్యేదాకా మేడం తన ఫోను మూగగా పెట్టి, మొదటి రోజే తీసుకున్న పిల్లల ఫోన్ల పక్కన బీరువాలో పెడుతుంది. అన్నానికి లేచే ముందు తీసి చూసింది. చూస్తూనే బయటికి పోయింది. లోపలికి వచ్చి జమునను వరండాలోకి పిలిచింది.

పిలిచి ఫ్రెంచిలోనే చెప్పింది. అన్ని రోజుల అలవాటు మీద ఆమె నోట అదే వచ్చి ఉంటుంది. మీ అన్న ఫోను చేశాడు, మీ నాయనమ్మ చనిపోయింది అని.

జమునకు వాక్యం ముందు అర్థమైంది. ప్రతి మాట విడివిడిగా, పాఠంలో మాదిరిగా అర్థమైంది. "వుయ్ మదాం" అన్నది. అవును మేడం. చెప్పింది విన్నాను అని చెప్పడానికి అట్లా అనాలి. అన్నాక, చాలాసేపటికి, ఆ వాక్యంలో ఉన్నది దాదీ అని తెలిసింది.

"జమునా," అన్నది మేడం గొంతు మారి, తెలుగులో. "వెళ్లమ్మా. బట్టలు సర్దుకో. పరీక్ష సంగతి నేను చూసుకుంటా, కానీ ఆ రోజుకు వచ్చేయ్. రాకపోతే నా చేతిలో ఏమీ ఉండదు." ఆమె కళ్లలో నీళ్లున్నాయి. చెడ్డ మనిషి కాదు. వరండాలోకి వచ్చిన పిల్లలు ఎవరూ మేడం తెలుగు మాట్లాడిందని గంట తేలేదు.

లింగంపేట దాటాక బస్సులో మనుషులు పలచబడ్డారు. పక్కన కూర్చున్న అవ్వ, "ఎవరి పిల్లవు బిడ్డా, యాడికి పోతున్నవ్?" అని అడిగింది. జమున నోరు తెరిచి మూసుకున్నది. మూగది అనుకొని అవ్వ జాలిగా చూసి, తన సంచిలోంచి ఒక జామకాయ తీసి ఒళ్లో పెట్టింది.

ఎల్లారెడ్డిలో ప్రకాశ్ బండి మీద ఎదురు చూస్తున్నాడు. చెల్లెను వెనక ఎక్కించుకున్నాడు. తండా దగ్గర పడ్డాక, బండి ఆపకుండానే, "పొద్దుగాల్నే కాలవెట్టినం. గీ ఎండలకు ఉంచస్తదా. పొద్దున్నుంచి ఫోన్ కొడుతున్న మీ మేడంకు. ఎత్తదాయె" అన్నాడు. గేరు మార్చి, "మూడు రోజుల కింద యాడీ నీకు చెప్పనీకే అచ్చె గదా. అప్పుడు వస్తె చూద్దువు. ముసల్ది మాట్లాడింది అప్పుడు" అన్నాడు.

జమున అన్న చొక్కా గట్టిగా పట్టుకున్నది. గాలికి ఏమీ వినపడనట్టు ముఖం పక్కకు తిప్పుకున్నది.

ఇంటి ముందు ఆడవాళ్లు కూర్చున్నారు. తండాలో చావింటికి ఆడపిల్ల వస్తే ఎట్లా రావాలో ఒక పద్ధతి ఉంది. వచ్చి ఒక్కొక్కరి మెడ చుట్టూ చేతులు వేసి ఏడవాలి. ఊరికే ఏడవడం కాదు, మాటలతో ఏడవాలి. పోయినవాళ్లను పేరుతో పిలిచి, వాళ్లు ఏం చేసేవాళ్లో, ఏం పెట్టేవాళ్లో, ఇక ఎవరు పెడతారో, రాగం తీసి అడగాలి. పట్టుకున్న మనిషి అదే రాగంలో జవాబు చెప్పాలి. ఆ అడగడం చెప్పడం అయ్యాకే కూర్చుంటారు, నీళ్లు తాగుతారు. జమునకు ఆ రాగం పుట్టినప్పటి నుంచి తెలుసు. దాదీ ఎవరి చావుకు పోయినా ఆమెదే పెద్ద గొంతు. ఏడుపు పూర్తయ్యాక ముక్కు తుడుచుకొని, "నేను పోయిననాడు జమున ఏడుస్తది సూడుండ్రి, సదువుకున్నది, మాటలకు కొదవ లేదు" అని నవ్వేది.

జమున మొదట మేనత్త మెడ పట్టుకున్నది. మేనత్త ఒళ్లు అప్పటికే ఊగుతోంది. జమున నోరు తెరిచింది. మాట గొంతు దాకా వచ్చి, అక్కడ అలవాటుగా ఆగింది. మనసులో వాక్యం కట్టుకోవాలని చూసింది. కట్టిన వాక్యం ఇక్కడిది కాదు. దాన్ని మింగింది. దాని వెనక తెలుగు వచ్చింది. అదీ ఇక్కడిది కాదు. దాన్నీ మింగింది. అంతా మింగాక ఏమీ మిగల్లేదు. ఆమె చేయి తెలియకుండానే తన మెడ మీదికి పోయి, అక్కడ ఏమైనా ఉందా అని తడిమింది.

మేనత్త ఆగి ఆగి చూసింది. చివరికి తానే అడిగి, తానే జవాబు చెప్పుకొని, చేతులు వదిలింది.

"పట్నం పిల్ల," అన్నది వెనక ఎవరో. "సిగ్గుపడుతున్నది."

"సిగ్గు కాదు, మర్చిపోయింది."

"ఊకోండ్రే," అన్నది తారి. వచ్చి బిడ్డను గోడ నీడకు తీసుకుపోయి కూర్చోబెట్టింది. ఒక చెంబుతో నీళ్లు ఇచ్చింది. ఏడవకుండానే జమున ఆ నీళ్లు తాగింది. అందరూ చూస్తుండగా తాగింది.

చీకటి పడ్డాక తారి పొయ్యి ముందు కూర్చొని బాటీలు తడుతున్నది. రెండు అరచేతుల మధ్య పిండి ముద్ద తిరుగుతూ వెడల్పవుతోంది. జమున తండ్రి సక్రు బయట మంచం మీద మోకాళ్లు పట్టుకొని కూర్చున్నాడు. పొద్దున తల్లికి కొరివి పెట్టి వచ్చినప్పటి నుంచి ఆయన అక్కడి నుంచి లేవలేదు.

"ఎందుకు చెప్పలేదు యాడీ?" అన్నది జమున. అది తెలుగులో వచ్చింది.

తారి బాటీని పెనం మీద వేసింది. "ఆ పిల్ల మెడల గంట సూసిన," అన్నది తమ మాటలో. "మీ కాలేజీల చదివే మన పక్కింట్ల పోరగాడు చెప్తుండె, అక్కడ వేరే మాట మాట్లాడితే గంట కడతరని. నవ్వులకు అనుకున్న. వచ్చి సూస్తె నిజమే. నేను దాదీ సంగతి చెప్తె నువ్వు ఊకుంటవా? ఏడుస్తవ్. మన మాటలనే ఏడుస్తవ్. అప్పుడు అది తీసి నీ మెడల ఏస్తరు." అంచు తిప్పి కాల్చింది. "పశువుకు కట్టేది. నా చేతుల్తోని నీకు కట్టిస్తనా?"

జమున పొయ్యిలోకి ఒక కట్టె ఎగదోసింది.

"ఇంటికి వచ్చినంక ముసల్ది అడిగింది. పిల్ల ఏమన్నది అని. ఆ దేశం మాట మాట్లాడింది అన్న. ఎంత సంబురపడ్డదో. ఎట్లున్నది ఆ మాట అంటె, ముక్కుల నుంచి వస్తది అన్న. నవ్వింది. ఏమన్నదంట, దాని అర్థం ఏంది, అని అడిగింది." తారి చేతులు ఆగాయి. "వస్తున్న అన్నది అని చెప్పిన. ఇంకేం చెప్పాలె? అప్పటి నుంచి మంచం ఇటు తిప్పించుకున్నది, దర్వాజ కనపడేటట్టు. తలుపు ఏస్తుంటె ఏయనియ్యలె. పిల్ల వస్తది, ఉండనియ్ అన్నది."

పెనం మీద బాటీ మాడుతున్న వాసన వచ్చింది. ఇద్దరూ తీయలేదు.

కాసేపటికి తారి అడిగింది. "నిజంగ ఏమన్నవ్ ఆ రోజు?"

"బాగున్న అన్న," అన్నది జమున. "బాగున్న, థాంక్స్ అన్న."

మూడో రోజు బెల్లంలో నలిపిన రొట్టెను దాదీ పేరు మీద పెట్టాక, తారి బిడ్డ సంచి తానే సర్దింది. జమున పోనన్నది. తారి వినలేదు. "ఇంత జరిగి నీకు ఏమీ రాకుంటె నేను ఎవరికి చెప్పుకోను? పో. పోయి పరీక్ష రాయి." సంచిలో దాదీ గాజు ఒకటి పెట్టింది. మోచేతి దాకా వేసుకునే తెల్ల గాజుల్లో అరిగిపోయిన గాజు.

పరీక్ష నాడు మేడ హాల్లో అందరూ ముందే ఉన్నారు. హైదరాబాదు సారు పేరు దివాకర్. కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తుకొని, కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. అందరికీ ఒకటే ప్రశ్న. మీ ఇంట్లో ఒక మనిషి గురించి చెప్పండి. సిద్దార్థ తమ్ముడి గురించి చెప్పాడు. సింధూజ నాన్న గురించి బాగా చెప్పింది. రామారెడ్డి నుంచి వచ్చిన సాయిలత తడబడి, తల్లి మంచిది అని మూడుసార్లు చెప్పి కూర్చున్నది. గంగమణి టీ కప్పుల పళ్లెం పట్టుకొని గుమ్మం దగ్గర నిలబడిపోయింది.

జమున లేచింది. మా నాయనమ్మ పేరు సోని అన్నది ఫ్రెంచిలో. ఆమె ఎత్తుగా ఉంటుంది అన్నది. పాఠంలో అట్లాగే ఉంటుంది. పేరు, ఎత్తు, వయసు, ఇష్టమైన తిండి. ఆమె తలుపు వైపు తిరిగి పడుకుంటుంది అన్నది. అది పాఠంలో లేదు.

అక్కడి నుంచి ఆమె నాయనమ్మ గురించి చెప్పడం ఆపి, నాయనమ్మను అడగడం మొదలుపెట్టింది. నీ కాళ్లు నొస్తే ఎవరికి చెప్పావు. నీ మంచం ఎవరు తిప్పారు. తలుపు తెరిచి ఉందని గాలి వచ్చిందా, కుక్క వచ్చిందా, చీకటి వచ్చిందా. అందరూ వచ్చారు కదా, నేను ఒక్కదాన్నే రాలేదు కదా. నీ చావుకు నేను పెద్ద గొంతుతో ఏడుస్తానని చెప్పుకున్నావు, నేను నీళ్లు తాగి కూర్చున్నాను. ఒక్కో వాక్యం చివర గొంతు పైకి లేచి, వంగి, పక్క వాక్యంలో పడుతోంది. ఒళ్లు మెల్లగా ఊగుతోంది. మాటలు ఎక్కడా ఆగలేదు. మింగాల్సిన అవసరం రాలేదు. ఈ ఇంట్లో ఈ మాటకు అడ్డం లేదు.

జవాబు చెప్పడానికి ఎదురుగా మెడ లేదు. తన ప్రశ్నలు తనకే తిరిగి వినపడి, చివరికి ఆగింది.

దివాకర్ సార్ కళ్లద్దాలు కిందికి దించుకున్నాడు. ముందుకు వంగి చప్పట్లు కొట్టాడు. మేడం కొట్టలేదు, కళ్లు తుడుచుకున్నది. పిల్లలంతా కొట్టారు, అందరికంటే గట్టిగా సింధూజ. చాలా కొత్తగా ఉంది, ఆ లయ ఎక్కడ నేర్చుకున్నావు అని సారు ఫ్రెంచిలో అడిగాడు. ఇంటి దగ్గర అన్నది జమున. ఆయన రాసుకున్నాడు.

సాయంత్రం ఇద్దరి పేర్లు చదివారు. సింధూజ, జమున. శిబిరం అయిపోయింది, ఇక మీ ఇష్టం అని మేడం తెలుగులో అన్నదో లేదో ఇల్లంతా ఒక్కసారిగా తెలుగు లేచింది. ఇన్ని రోజులు లోపల పట్టి ఉంచిన తిట్లు, జోకులు, అన్నీ ఒకేసారి. "నా ఫోనేది రా?" "నీ ముక్కుల ఫ్రెంచి తగలెయ్య!" గంట బల్ల మీద పక్కకు పడి ఉంది. గంగమణి బల్ల తుడుస్తూ దాన్ని ఎత్తి కిటికీలో పెట్టింది. అది ఒకసారి మోగింది, ఎవరూ తిరిగి చూడలేదు.

జమున ఫోను తీసుకొని మెట్ల మీద కూర్చున్నది. అవతల తారి ఎత్తింది.

"అయిందా?"

"అయింది. నా పేరు వచ్చింది."

అవతల మేకల చప్పుడు వినపడింది. "ఏం చెప్పినవ్ అక్కడ?"

"దాదీ గురించి."

"మంచిగ చెప్పినవా? ఏడ్చిండ్రా అందరు?"

"మేడం ఒక్కతే ఏడ్చింది. మిగతావాళ్లు చప్పట్లు కొట్టిండ్రు."

తారి ఒకసారి గొంతు సవరించుకున్నది. "సరే తీ," అన్నది. "వాళ్లకేం తెలుసు. దర్వాజ ఇంక ఏయలేదు జమునా. మీ బాపు ఏయనిస్తలేడు. ముసల్దానికి మాట ఇచ్చినం గదా అంటుండు. రా. వచ్చి ఏడువు. నేను పట్టుకుంట."

వెనక సాయిలత పిలుస్తోంది. సింధూజ ఎవరితోనో పెద్దగా నవ్వుతోంది. జమున ముందు అటూ ఇటూ చూసింది, ఎవరైనా వింటున్నారా అని. మెడ మీద చేయి పెట్టుకున్నది. తర్వాత ఫోనును నోటికి దగ్గరగా జరుపుకొని, గేటు దగ్గర తాను అననిదీ, తల్లి తన నోట పెట్టి దాదీకి చేర్చినదీ అయిన ఆ ఒక్క మాటను తమ మాటలోనే అన్నది.

"వస్తున్న, యాడీ."